పిట్టగోడ కట్టుదము



ధ్యానమునకు: లూకా 13:4; ద్వితీయోపదేశకాండము 22:8.

1999 అక్టోబరు 29న ఒడిశాలో పారాదీప్ దగ్గర మహాతుపాను తీరము దాటింది. గాలి గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగముతో వీచింది. సముద్రము ఊళ్లమీదికి పొర్లింది. సుమారు 10,000 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది జగత్‌సింగ్‌పూర్ జిల్లావారు. ఆ తరువాతి ఆదివారము కూడికలో మేమేమి చెప్పాము? ఇది ఆ ప్రజల పాపమునకు వచ్చిన దేవుని ఉగ్రత అని చెప్పాము. సంఘపెద్దలమైన మేము ఆ మాటను నేడు సిగ్గుతో వెనుకకు తీసుకొనుచున్నాము.

సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులని తలంచవద్దని ప్రభువు తేటగా బోధించాడు. మారుమనస్సు పొందవలసినది వినుచున్న మీరే అన్నాడు. మేమైతే చనిపోయినవారికి తీర్పు తీర్చి, మేము మారవలసిన సంగతి మరచిపోయాము.

మారుట అనగా ఏమి? మోషే ధర్మశాస్త్రములో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టువాడు మేడమీద చుట్టు పిట్టగోడ కట్టించవలెను. కట్టించక ఎవరైన పడి చనిపోయినయెడల ఆ ఇంటివాడు దేవునియెదుట దోషి. పడినవానిని నిందించుటకు వీలులేదు. గాలిని మనుష్యుడు ఆపలేడు, పిట్టగోడ కట్టగలడు.

1999లో ఆ తీరమునకు పిట్టగోడ లేదు. బీదల ఇండ్లు మట్టి గోడలు, గడ్డి కప్పులు. పరుగెత్తి చేరుటకు గట్టి భవనములు బహు కొద్ది. కేంద్రాపడా జిల్లాలో మడ అడవులు వెడల్పుగా మిగిలియున్న గ్రామములలో మరణములు తక్కువని తరువాత పరిశోధకులు లెక్కగట్టారు. అడవి నరికినచోట అలకు అడ్డమేమి?

ఆ దుఃఖము తరువాత గోడ లేచింది. విపత్తుల నిర్వహణకు రాష్ట్రములో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. తీరము పొడవున తుపాను ఆశ్రయ భవనములు కట్టారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర, మన గంజాం తెలుగువారి గుమ్మములోనే తీరము దాటింది. గాలి 1999 కంటె కొంత తక్కువే, అయినను గంటకు 200 కిలోమీటర్లు మించింది. సుమారు 10 లక్షలమందిని ముందుగానే తరలించారు. ఒడిశాలో మృతులు 50 మందికి లోపే. 1999లో కోపించిన దేవుడు 2013లో శాంతించాడందుమా? కాదు. ఈసారి మనుష్యులు తమ పని చేశారు.

అయినను ఆ గోడలో సందులున్నవి. ప్రాణము దక్కినవారికి ఇల్లు, పడవ, వల దక్కలేదు. పరిహారమునకు పట్టా, కార్డు అడుగుదురు. అద్దె గుడిసెలోని వలస కుటుంబము ఏమి చూపగలదు? ఇది తీరమువారి మాట మాత్రమే కాదు. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు, చెరువులలోను పళ్లికరణై చిత్తడి నేలలోను ఇండ్లు లేచుట చూచి ఊరకున్న సంవత్సరములకు లెక్క చెప్పవలసి వచ్చింది. నీటికి దాని చోటు విడువనివారు వేరు, మునిగినవారు వేరు.

కావున సంఘములారా, మూడు పనులు చేయుదము. మన ప్రార్థనా మందిరములను గట్టిగా కట్టి, తుపాను రాత్రి ఏ మతమువారికైనను తలుపు తీయుదము. హెచ్చరిక ఒరియాలోగాని తమిళములోగాని వచ్చినప్పుడు, చదువురాని మన తల్లులకు ఇంటింటికి వెళ్లి తెలుగులో చెప్పుదము. మన వీధిలో కార్డు లేని విధవరాండ్ర, కూలివారి పేర్లు వ్రాసి, వర్షాకాలమునకు ముందే అధికారులయొద్దకు తీసికొని వెళ్లుదము. అధికారులకొరకు ప్రార్థించు మనము, వారిని వినయముతో అడుగుటకు వెనుకాడనేల?

మన నిర్లక్ష్యమువలన ఏ పొరుగువాడును పడిపోకుండునట్లు ప్రభువు మనకు మెలకువగల హృదయము దయచేయునుగాక. ఆమేన్.