కడుపు నిండినంతనే ధర్మము తీరునా?

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ధర్మమని అందరు నెరుగుదురు. ఆ అన్నము దేహమును పోషింపనిచో ధర్మము తీరినట్లేనా?

1983లో తెలుగునాట కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. 2013 నాటి ఆహార భద్రతా చట్టము పేద కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమును హక్కు చేసినది. ఇవి గొప్ప మేళ్లే. కాని దినమునకు 250 గ్రాముల ధాన్యముతోపాటు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించినది. బియ్యము చేరిన గుడిసెకు ఇవి చేరుచున్నవా?

మొగము పాలిపోయిన యొక విద్యార్థి తల్లితో, "పిల్లవానికి పప్పు, ఆకుకూర పెట్టమ్మా" అంటిని. "కూలి డబ్బులు చేతికొచ్చేసరికి చీకటి పడుతుందండీ పంతులుగారూ. రైతుబజారుకు పోతే కూర డబ్బులు బస్సుకే సరి. మా వీధి కొట్లో దొరికేది ఉల్లిపాయలు, ఎండుమిరపకాయలే" అన్నది. నేను సిగ్గుపడితిని. లోపము ఆమె తెలివిలో లేదు. మన యేర్పాటులో నున్నది.

దాసోహమనగా మిగిలినది పెట్టుట కాదు, మనము తినునదే యెదుటివారికిని అందునట్లు చూచుట. పండుగనాటి అన్నదానముతో తృప్తి చెందక, వారమున కొకసారియైనను కొన్న ధరకే కూరగాయల బండిని పేదల పేటకు సాయంవేళ పంపుదము. అది మనకు సాధ్యమైన పనియే.