సముద్రపు ఒడ్డున మేము ఎవరిని నమ్మితిమి?



గడచిన క్రిస్మసు పండుగ తరువాత మా సంఘమువారము ఒక బస్సు మాట్లాడుకొని విశాఖపట్టణము వెళ్లి వచ్చితిమి. పంట డబ్బు చేతికి వచ్చిన దినములు. మాలో సగముమందికి పైగా అంతకు ముందు సముద్రమును చూచినవారు కారు. కైలాసగిరి ఎక్కితిమి. నౌకాదళమువారు 2001లో సేవనుండి విరమింపజేయగా, 2002లో ఒడ్డున ప్రదర్శనశాలగా తెరచిన కురుసుర జలాంతర్గామిలో వంగి వంగి నడచితిమి. సాయంకాలమునకు రామకృష్ణా బీచి చేరితిమి. అక్కడ జరిగిన సంగతి వ్రాయుటకు నాకు సిగ్గుగా ఉన్నది గాని వ్రాయకుండుట మరింత సిగ్గు.

మేము ఇసుకలో మూటలు దింపుచుండగా ఒక పెద్దమనిషి వచ్చెను. ఇస్త్రీ చొక్కా, చేతిలో నల్లని సంచి. మా బస్సుమీది వాక్యమును చూచితినని చెప్పి, "వందనాలు అయ్యగారూ" అని నాకు నమస్కరించెను. పట్టణములోని ఒక సంఘమునకు చెందినవాడననెను. మా ఊరి సంగతులు అడిగెను, నాకు తన ఫోను నంబరు ఇచ్చెను, మా అందరితో కూడ చిన్న ప్రార్థన చేసెను. తరువాత, "మీరు నిశ్చింతగా నీళ్లలోనికి వెళ్లి రండి, మూటలు నేను చూచుచుందును" అనెను. మేము సంతోషముతో వెళ్లితిమి. (ఆ తీరమున అలల ఈడ్పు బలమైనది. ఏటేట ప్రాణములు పోవుచున్నవి. పాదములు తడుపుకొనుట చాలును. ఈ మాట దొంగతనముకంటె ముఖ్యమైనది గనుక ఇక్కడనే చెప్పుచున్నాను.)

పల్లీలు అమ్ముకొను పన్నెండేండ్ల కుర్రవాడొకడు మా మూటల దగ్గర రెండు మూడు సార్లు తిరిగెను. అందరము చూచితిమి. మేము తిరిగి వచ్చునప్పటికి పెద్దమనిషి లేడు, టీ త్రాగుటకు వెళ్లియుండునని అనుకొంటిమి. అప్పుడు మా సంఘములోని ఒక విధవరాలు గుడ్డసంచి కొరకు వెదకుకొని కేక వేసెను. అందులో 2,400 రూపాయలున్నవి. ఒక యౌవనస్థుని సెల్ ఫోను కూడ లేదు. మావారు పరుగెత్తి ఆ కుర్రవానిని పట్టుకొనిరి. బుట్ట తిరగవేసిరి, జేబులు వెదకిరి. పల్లీలు ఇసుకలో పడెను. వాని దగ్గర చిల్లర తప్ప ఏమియు దొరకలేదు. "నాను తియ్యనేదు బాబూ" అని ఒక్కమాటే వాడు మరల మరల చెప్పెను. ఏడ్వలేదు. చివరకు మోకాళ్లమీద కూర్చుండి ఇసుకలోనుండి పల్లీలు ఏరుకొనెను.

నేను సంఘ కాపరిని. ఆగుడని ఒక్క కేక వేసియుండవలెను. వేయలేదు. నా మనస్సులో కూడ వాడే అని తోచెను.

ఆ రాత్రి బసలో పెద్దమనిషి ఇచ్చిన నంబరునకు ఫోను చేసితిమి. ఆ నంబరు వాడుకలో లేదని చెప్పెను. ఆయనే తీసెనని నేను ప్రమాణము చేయజాలను, కన్నులార చూచినవారు లేరు. ఒక కుర్రవానియెడల చేసిన తప్పునే మరల ఆయనయెడల చేయుటకు నాకు ఇష్టము లేదు. అయితే మేము చేసినదేమో నాకు తెలియును. ఇస్త్రీ చొక్కాను నమ్మితిమి, చిరిగిన నిక్కరును అనుమానించితిమి. మన మాట మాటలాడినవానికి మూటలప్పగించితిమి.

యాకోబు పత్రిక 2వ అధ్యాయముమీద నేను ఎన్ని ప్రసంగములు చేసితినో లెక్క లేదు. మంచి బట్టలవానికి మంచి స్థలమిచ్చి బీదవానిని ప్రక్కకు నిలువబెట్టుటను గూర్చి అక్కడ ఉన్నది. ఆ అధ్యాయము గుడి బల్లలకే గాని బీచి ఇసుకకు వర్తింపదని అనుకొంటిని కాబోలు. యెహోషువ 9వ అధ్యాయమును కూడ ఆ రాత్రి తెరచి చదివితిని. గిబియోనీయులు దగ్గరి ఊరివారై యుండియు పాతబడిన చెప్పులు, బూజు పట్టిన రొట్టెలు చూపి దూరదేశస్థులమని నమ్మించిరి. పెద్దలను మెత్తబరచినది రొట్టెలు మాత్రమే కాదు. మీ దేవుని కీర్తి విని వచ్చితిమని వారు అనిరి. భక్తి మాట వినబడగానే విచారణ ఆగిపోయెను. నాకును అట్లే ఆయెను.

అట్లయిన మనమేమి చేయవలెను? పరదేశిని ఆదరింపుమని చెప్పు గ్రంథము మన చేతిలో ఉండగా, తెలియనివానిని అనుమానింపవచ్చునా? తిరుగు ప్రయాణములో బస్సులో ఇదే వాదము నడిచెను. ఇకమీదట ఊరు దాటితే ఎవరిని నమ్మరాదని కొందరు అనిరి. అది నిలువదు. 1805లో లండను మిషనువారు ఇద్దరు, క్రాన్, డే గ్రాంజెస్ అనువారు, ఈ విశాఖపట్టణమునకే వచ్చి తెలుగు నేర్చుకొనిరి. సువార్తలను తెలుగు చేయుటలో ఆనందరాయరు అను తెలుగు బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడ్పడెను. తెలియనివానిని నమ్మకపోతే ఆ పని మొదలే కాకపోవును. నమ్మిక లేక బ్రతుకు సాగదు. బస్సు ఎక్కినప్పుడు డ్రైవరును, వైద్యశాలకు వెళ్లినప్పుడు సూది వేయు నర్సును నమ్ముచున్నాము గదా. దేవుడే చూచుకొనునని మరికొందరు అనిరి. ఆ విధవరాలి కోత కూలి సంగతి ఎత్తగానే వారు ఊరకుండిరి.

నాకు తోచినది ఇది. ప్రతి ఆదివారము మన కానుకల పెట్టెను ఇద్దరు కలసి లెక్కింతురు. అందుచేత మన పెద్దలలో ఎవరినైనను దొంగ అని అనుచున్నామా? లేదు. పౌలు యెరూషలేము బీదల కొరకు సొమ్ము కూర్చినప్పుడు, ఎవరును నింద మోపకుండునట్లు దానిని ఒంటరిగా మోయక ఇతరులను తోడు ఉంచెనని 2 కొరింథీయులకు 8వ అధ్యాయములో చదువుచున్నాము. రాత్రి తలుపు గడియ వేయునప్పుడు ఏ పొరుగువాని పేరును తలంచము. గడియ ఎవరి ముఖమును చూడదు. దొరకును, కూలివానికిని అది ఒకటే. మేము గడియ వేయవలసిన చోట ముఖములు చూచితిమి. మూటల దగ్గర మా మనిషి ఒకడు కూర్చుండియుంటే ఆ పెద్దమనిషితో మేము సంతోషముగా ప్రార్థించియుందుము, ఆ కుర్రవాని దగ్గర పల్లీలు కొనుక్కొని తినియుందుము. వారిలో ఎవరు ఎట్టివారని తేల్చవలసిన పని మాకు ఉండకపోవును. మూటలు చూతునని ఎవరు అడిగినను, పాస్టరైనను పోలీసైనను, "మా మనిషి ఉన్నాడు, వందనాలు" అనుట చాలును.

డబ్బును ఒక్క సంచిలో ఉంచరాదు. ఆ దినపు ఖర్చు వేరు, తిరుగు ప్రయాణపు ఖర్చు వేరు. ఆటో ఎక్కకముందే కిరాయి ఎంతో, మనిషికా బండికా అని అడుగవలెను. ఒడ్డున ఫొటో తీయువానిని ఎన్ని తీయునో, ఒక్కొక్కటి ఎంతో ముందే అడుగవలెను. ఒకటి అని చెప్పి పన్నెండు తీసి అన్నిటికి డబ్బు అడుగుట కలదు. గుర్రము ఎక్కు పిల్లల విషయమును అంతే.

స్త్రీలు ముఖ్యముగా వినవలసినది ఒకటి ఉన్నది. మన రాష్ట్రములో అనేక పట్టణములలో జరిగిన మోసము ఇది. పోలీసులమని చెప్పి ఒకరిద్దరు ఎదురై, "ముందర గొలుసు దొంగలున్నారు, నగలు తీసి ఈ కాగితములో చుట్టుకొనుడి" అందురు. తామే చుట్టి ఇత్తురు. ఇంటికి వచ్చి విప్పితే రాళ్లు. నిజమైన పోలీసు ఎవరును వీధిలో మీ నగలు తీయించి చుట్టరు. అట్లే నేలమీద పది రూపాయల నోట్లు వేసి, మీవే పడినవని చెప్పి, మీరు వంగగానే సంచి ఎత్తుకొని పోవుదురు. మొదటిది భయమును పట్టుకొనును, రెండవది ఆశను. నన్ను పట్టుకొన్నది మర్యాద. అయ్యగారూ అని పిలువబడుట నాకు ఇష్టము.

ఫోను పోయిన వెంటనే వేరొక ఫోనునుండి సిమ్మును ఆపివేయించి, బ్యాంకువారికి చెప్పవలెను. తరువాత పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ప్రభుత్వమువారి సంచార్ సాథీలో ఆ ఫోను ఎక్కడను పనిచేయకుండ ఆపించవచ్చును. మీకు డబ్బు వచ్చుటకు పిన్ అవసరము లేదు. డబ్బు పంపుదుము, పిన్ నొక్కుడి అని ఎవడైనను అంటే అది మీ డబ్బు పోవుటకే. ఖాతాలో డబ్బు పోతే 1930కి, ఆపద వచ్చితే 112కి ఫోను చేయవచ్చును. మీ ఊరికి వచ్చిన తరువాత మీ స్టేషనులోనే ఫిర్యాదు ఇచ్చినను తీసికొనవలెనని 2024 జూలై 1నుండి అమలులో ఉన్న క్రొత్త చట్టము చెప్పుచున్నది. ఆ దినముననే అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నాకు నచ్చినది మరియొకటి ఉన్నది. 5,000 రూపాయలకు లోబడిన దొంగతనమునకు మొదటిసారి శిక్ష పడినవాడు సొమ్ము తిరిగి ఇచ్చినయెడల, సమాజ సేవ చేయవలసినదని శిక్ష విధింతురు. దొంగిలినవాడు సొమ్ము మరల ఇయ్యవలెనని నిర్గమకాండము 22వ అధ్యాయములో ఉన్నదానికి ఇది దగ్గర. చట్టము దొంగకు సయితము తిరిగి వచ్చు త్రోవ ఉంచినది. దొంగకాని కుర్రవానికి మేము ఉంచలేదు.

విధవరాలి సొమ్మును బస్సులోనే చందా వేసి కూర్చితిమి. మరునాడు తెల్లవారకముందే ఒక పెద్దను వెంటబెట్టుకొని నేను బీచికి పోతిని. కుర్రవాడు సాయంకాలము గాని రాడని అక్కడివారు చెప్పిరి. మా బస్సు ఎనిమిది గంటలకు బయలుదేరవలెను. పిడత కింద పప్పు అమ్ముకొను ఒక స్త్రీ ఆ కుర్రవానిని ఎరుగుదుననెను. పల్లీల ఖరీదునకు 200 రూపాయలు ఆమె చేతిలో పెట్టి, వానికిచ్చి, తప్పు మాదేనని చెప్పుమని వేడుకొంటిని. వెనుకకు వచ్చుచుండగా పెద్ద, "ఆమె వానికి ఇచ్చునని ఏమి నమ్మకము పాస్టరుగారూ?" అని అడిగెను.

ఆమె పేరు కూడ నేను అడుగలేదు.