తృణీకరింపబడిన భాగము



ధవళేశ్వరములో ఆదివారపు ఉదయమున మాంసపు కొట్టు ముందు నిలిచినవారి మాటలు ఆలకించుము. ఒకరు తొడ మాంసము అడుగుదురు. ఒకరు కార్జము కావలెనందురు. మరియొకరు ఇరుప్రక్కల చూచి, గొంతు తగ్గించి, బోటి ఉన్నదా అని అడుగుదురు. తొడ మాంసము అడిగినవారు గొంతు తగ్గింపలేదే! బోటి అడిగినవారు ఎందుకు తగ్గింపవలెను? ఇది వంటయింటి సంగతి మాత్రమే కాదు. మనిషి తిను భాగమును బట్టి మనిషికి విలువ కట్టుట న్యాయమా అను ప్రశ్న దీనిలో ఉన్నది.

తలకాయ, కాళ్లు, పేగులు, పొట్ట చౌకగా దొరికెను గనుక పేదలు వాటిని కొనిరి. పేదలు కొనిరి గనుక లోకము వాటిని నీచమని ఎంచెను. తరువాత ఆ నీచత్వము కుండలోనుండి ప్రాకి, కుండ పెట్టుకొనినవాని మీదికి ఎక్కెను. ఏ యింట ఏమి ఉడుకుచున్నదో వాసన పట్టి, ఆ యింటివారికి దూరముగా నడుచు అలవాటు మన దేశములో ఎంత పాతదో నీవు ఎరుగుదువు. ఆ అలవాటు గుడి గుమ్మము దాటి లోనికి రాలేదని చెప్పగలమా?

లేఖనములను తెరచి చూడుము. ఐగుప్తు విడిచిన రాత్రి పస్కా గొఱ్ఱెపిల్లను తలతోను, కాళ్లతోను, ఆంత్రములతోను కాల్చి తినుమని ప్రభువు సెలవిచ్చెనని నిర్గమకాండము 12వ అధ్యాయములో ఉన్నది. పిల్లను తినుటకు చాలని చిన్న కుటుంబము పొరుగువానిని కలుపుకొనవలెను. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయములో యాజకునికి చెందవలసిన పాలు చెప్పబడినది: జబ్బ, రెండు దవడలు, పొట్ట. మనము చిన్నచూపు చూచు పొట్ట దేవుని సేవకుని హక్కు! లేవీయకాండము 3వ అధ్యాయము ప్రకారము సమాధానబలిలో మూత్రగ్రంథులును, కాలేజము మీది వపయు, క్రొవ్వుతో కూడ బలిపీఠము మీద ప్రభువునకే చెందెను. రక్తము తినకుడని ఆజ్ఞ ఉన్నది, నిజమే. అది ప్రాణము దేవునిదని తెలుపుటకే గాని, పేదవాని కూరను అవమానపరచుటకు కాదు.

బోటిని శుభ్రము చేయు స్త్రీని ఎప్పుడైనను చూచితివా? వేడినీళ్లు పోసి, గీకి, పేగును తిరుగదీసి, ఉప్పు పసుపు రాచి, నీరు తేటపడువరకు మరల మరల కడుగును. ఆ పని చూచి ముక్కు మూసుకొనువారు కలరు. అయితే లేవీయకాండము మొదటి అధ్యాయములో దహనబలి పశువుయొక్క ఆంత్రములను కాళ్లను నీళ్లతో కడుగుమని దేవుడే ఆజ్ఞాపించెను. గుడారము ఎదుట ఆరాధనలో భాగమైన పని మన పెరటిలో నీచమగునా?

లోకజ్ఞానము సహా ఇదే నేర్పుచున్నది. ప్రాణము తీయు ఒక విధమైన రక్తహీనతకు 1926లో మైనాట్, మర్ఫీ అను అమెరికా వైద్యులు కార్జమును ఆహారముగా పెట్టి రోగులను బ్రతికించిరి. 1934లో విపిల్ గారితో కలిసి నోబెల్ బహుమానము పొందిరి. మన డెల్టాలోని భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్లి, కార్జములో దాగిన మేలులను వెదకినవారిలో ఒకరైరి. ఆయన నడిపించిన బృందము ఫోలిక్ ఆమ్లమును కార్జమునుండి వేరుచేసి, 1945లో రసాయనశాలలో తయారుచేసెను. నేడు గర్భిణీ స్త్రీలకు ఆరోగ్య కేంద్రములో ఇచ్చు ఐరన్ మాత్రలో అది ఉన్నది. గర్భిణులు కార్జమునే విస్తారముగా తినుట మంచిది కాదు, అందులోని విటమిన్ ఎ మితిమీరును; అయినను దానిలోనుండి వచ్చిన మేలు ఎందరు తల్లులను, బిడ్డలను కాపాడుచున్నదో ఆలోచించుము.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, శరీరములో ఘనత లేనివని తలంచు అవయవములకే మరి ఎక్కువ ఘనత కలుగవలెనని బోధించెను. మన ఊరి ఆనకట్ట చెప్పునదియు అదే. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆ పాత కట్టడము నీటిని నిలిపినది ఇసుకలో దింపిన పునాదుల బలముతో. 1982లో దాని స్థానమున బారేజి పూర్తియైనది. దానిని చూడ వచ్చువారు తలుపులను చూచి మెచ్చుదురు. పునాదిని ఎవరును చూడరు. కనబడనిది కాబట్టి అది తక్కువదా?

గ్రామములో నలుగురు కలిసి మేకను కోసి పోగులు వేయునప్పుడు, ప్రతి పోగులోను కొంత మాంసము, ఒక ఎముక, ఇంత కార్జము, ఇంత బోటి వేయుదురు. అప్పుడు ఎవరికిని సణుగుటకు తావు ఉండదు. సంఘపు ప్రేమవిందులో మనకు ఆ పోగుల న్యాయమైనను ఉన్నదా? పెద్దల విస్తరిలో ముక్కలు, వెనుక వరుసలో పులుసు వడ్డించినయెడల దానికి ప్రేమవిందు అను పేరు తగునా? కోత పండుగనాడు గరిటె పట్టుకొను సోదరుడా, ఈ మాట నీకే.

నీ బిడ్డతో ఇట్లు చెప్పుము: "మన యింట వండినదానికి సిగ్గుపడకుము, పొరుగింట వండినదానిని వెక్కిరింపకుము." బయటినుండి లోనికి పోవునది మనుష్యుని అపవిత్రపరచదని ప్రభువు చెప్పెను. హృదయములోనుండి వచ్చు గర్వమే అపవిత్రపరచును. దేవుడు మన అంతరింద్రియములను పరీక్షించువాడని యిర్మీయా చెప్పినప్పుడు, హెబ్రీ భాషలో వాడినది మూత్రపిండములకు వాడు మాటయే. ఆయన మన కుండలోనికి తొంగిచూచి విలువ కట్టడు. మన లోపలి భాగమునే చూచును. అది కడుగబడియున్నదా, ప్రియ చదువరీ?