తప్పు బొమ్మ అబద్ధమా?



మొన్న ఒక ఆదివారం పూజ ముగిశాక, సముద్రం మీద వేటకు వెళ్లే ఒక తండ్రి తన కూతురి సైన్సు పుస్తకం పట్టుకుని వచ్చాడు. అందులో పరమాణువు బొమ్మలు మూడు. మొదటిది తప్పని రెండో పేజీ, రెండోది చాలదని మూడో పేజీ చెబుతున్నాయి. "తప్పని తెలిసీ పిల్లకాయలకు నేర్పించేదేంది సామీ? అబద్ధమాడొద్దని మీరే గదా చెప్పేది!" అన్నాడు.

నవ్వి పంపేయదగిన ప్రశ్న కాదది.

మన గూడూరు, సైదాపురం వైపు దొరికే అభ్రకం మీకు తెలుసు. కాకిబంగారం అంటాం. పొరలు పొరలుగా విడిపోతుంది. 1906లో కెనడాలోని మాంట్రియల్‌లో రూథర్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త పలుచని అభ్రకపు రేకు గుండా ఆల్ఫా కణాలను పంపి, అవతల ఫొటో పలక మీద వాటి జాడ చూశాడు. గీత అంచులు చెదిరి ఉన్నాయి. కణాలు మహా అయితే రెండు డిగ్రీలు పక్కకు తొలిగాయి, అంతే! అయినా దాన్ని వదిలేయలేదు. 1909లో మాంచెస్టర్‌లో ఆయన దగ్గర పనిచేసే గైగర్, మార్స్‌డెన్ చూస్తే, ప్లాటినం రేకు మీద పడిన దాదాపు 8000 కణాల్లో ఒకటి వెనక్కి తిరిగి వచ్చింది.

రూథర్‌ఫర్డ్ గురువు థామ్సన్, 1897లో ఎలక్ట్రాన్‌ను కనుగొన్న పెద్దమనిషి. పుచ్చకాయలో గింజల్లా పరమాణువులో ఎలక్ట్రాన్లు పొదిగి ఉంటాయన్నది ఆయన బొమ్మ. అది నిజమైతే ఏ కణమూ అలా వెనక్కి రాకూడదు. గురువు మీది గౌరవంతో శిష్యుడు ఆ లెక్క దాచి ఉంటే, అదీ అబద్ధం! దాచలేదు. 1911లో కేంద్రకం సంగతి ప్రకటించాడు. పరమాణువు మన దేవాలయ ఆవరణమంత ఉందనుకోండి, కేంద్రకం ఒక ఆవగింజ.

ఆయన బొమ్మకూ చిక్కు వచ్చింది. తిరిగే ఎలక్ట్రాన్ శక్తి కోల్పోయి కేంద్రకంలో పడిపోవాలి కదా? 1913లో బోర్ దాన్ని సరిచేశాడు. 1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చాక బోర్ గీసిన కక్ష్యలూ పోయాయి. ఎలక్ట్రాన్ ఎక్కడ ఉండే అవకాశం ఎంత అన్నదే మిగిలింది.

మోసపుచ్చాలనే ఉద్దేశం ఉంటేనే అబద్ధమని పునీత అగుస్తీను వారి బోధ. థామ్సన్ తనకు తెలిసినంత చెప్పాడు, ఆయన నిర్దోషి. కానీ ఆ తండ్రి అడిగింది థామ్సన్‌ను కాదు, తెలిసీ నేర్పే మనల్ని. గురువిద్యాలయం నుంచి వచ్చిన కొత్తలో నేనూ పిల్లలకు బోర్ బొమ్మ గీసి "పరమాణువు ఇదే" అన్నాను. "ఇలా ఉందనుకోండి" అనలేదు. పలక మీద గీత తప్పు కాదు, ఆ "ఇదే" తప్పు. ఈ పుస్తకం కూడా మూడో బొమ్మ దగ్గర అదే పని చేసి ఊరుకుంది.

మూడు బొమ్మల కిందా, ఏది దేన్ని చెప్పలేకపోయిందో పెన్సిల్‌తో రాసిచ్చాను. కూతురి చేత చదివించుకుని విన్నాడు.

"ఇదేందో పుస్తకంలోనే వేసుండొచ్చు గదా సామీ!" అన్నాడు.