పైపూత

ఆటోనగర్లో మావారి లేత్ షెడ్డు ఖాళీ అయి మూడు నెలలైంది. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, పిల్లలకు ఆ పని మీద ఇష్టం లేదు. అద్దెకిద్దామనుకుంటుండగానే ఓ కుర్రాడు అడిగి వెళ్ళాడు కూడా. ఎటొచ్చీ నేల ఒక్కటే బాగాలేదు. ఎప్పుడో వేయించిన ఆకుపచ్చ రంగు, పెనానికి అంటుకుపోయిన అట్టులా పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది.

"ఓ డబ్బా రంగు తెచ్చి పైన పూసేస్తే సరి" అన్నాను. పండక్కి గోడలకు సున్నం కొట్టించినంత తేలిక అనుకున్నా లెండి.

పెయింటరు ఒప్పుకోలేదు. ఓ పెచ్చు లాగి చూపించాడు. అడుగున తెల్లగా ఉప్పు! చిన్న పాలిథిన్ ముక్క నేలమీద పరిచి, నాలుగంచులా టేపు అంటించి వెళ్ళాడు. మర్నాడు తీస్తే లోపలివైపు చెమట పట్టినట్టు నీటిబొట్లు.

"చెమ్మ కిందనించి వస్తోందమ్మా. పైన ఏ రంగేసినా ఎత్తేస్తుంది" అన్నాడు.

పద్ధతిగా చేయాలంటే బోలెడు పని. వదులైన రంగంతా గీకాలి. నూనె మరకలు సోడాతో కడగాలి, జిడ్డు మీద రంగు అంటదు గనక. నెర్రెల్ని ఉలితో వెడల్పు చేసి, దుమ్ము దులిపి పూడ్చాలి. అంతా ఆరాక పల్చగా ఓ పూత, అదీ ఆరాక మరొకటి. ఇంతా చేసి, చెమ్మని ఆపే మందు ఖర్చు వేరే.

"పైపైన వేస్తే ఎన్నాళ్ళుంటుంది?"

"వానల దాకా."

వానలొచ్చేసరికి అడ్వాన్సు మా చేతిలో వుంటుంది, ఆ అబ్బాయి లేతు లోపల బిగించేసి వుంటుంది. ఈ లెక్క నా బుర్రలో ఎంత చకచకా తయారైందో చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

రాత్రంతా నాతో నేనే వాదించుకున్నాను. పెళ్ళిచూపులకు పిల్లకు పౌడరు రాయమూ? చుట్టాలొస్తే చిరుగుల పరుపు మీద కొత్త దుప్పటి పరవమూ? అది మోసమా? కాదు. పౌడరు రాశారని చూసేవాళ్ళకీ తెలుసు. పరుపు చిరిగినంత మాత్రాన ఎవరి నడుమూ విరగదు. ఈ రంగు సంగతి వేరు. ఇది చూస్తే ఆ అబ్బాయి అడగవలసిన మాట అడగడు. అడగకూడదనే నేను వేయిస్తున్నాను. నోటితో ఒక్క అబద్ధం ఆడక్కర్లేదు, రంగే ఆడుతుంది.

"చూసుకోవలసిన బాధ్యత అతనిది కాదా?" అంది మా వదిన. అతనిదే. చూడ్డానికి మనం ఏమైనా మిగిలిస్తేగా!

మావారికి చెబితే కాసేపు మాట్లాడలేదు. "కాంక్రీటు పోసేటప్పుడు కింద మందపాటి పాలిథిన్ పరవమన్నాడు మేస్త్రీ. డబ్బు మిగులుతుందని నేనే వద్దన్నాను" అన్నారు. ఇన్నేళ్ళూ ఈ ముక్క నాతో అనలేదు. ఆ ఏడే నాకు కుట్టుమిషను కొన్నారు. అదిప్పటికీ నడుస్తోంది.

ఆ అబ్బాయిని పిలిపించి, పాలిథిన్ ముక్క ఎత్తి చూపించాం. వంగి, వేలితో తడి తుడిచి చూశాడు. అద్దెలో వెయ్యి తగ్గించమన్నాడు. అయిదొందలకు ఒప్పించాను, అంత ధర్మాత్మురాలినేం కాదు. గీకే పని తనే చేసుకుంటాడట. రంగు మాత్రం ఇప్పుడే వద్దన్నాడు.

నిన్న వెళ్ళి చూస్తే ఆకుపచ్చ పెచ్చులు గోనెసంచుల్లో కట్టి గుమ్మం పక్కన పెట్టి వున్నాయి. మూడు సంచులు.