మనిషి లేని ఓడ, మనిషి మీద తప్పు

'మనుషులు లేని సరుకు నౌక' అనే మాటలో ఏదో నిశ్చింత ఉంది. పోతే సామాను పోతుంది, అంతే కదా అనిపిస్తుంది. 1978 జనవరిలో సోవియట్ వాళ్లు సల్యూత్-6 కేంద్రానికి మొదటి ప్రోగ్రెస్ నౌకను పంపారు. అప్పటినుంచీ ఈ రవాణా సాగుతూనే ఉంది. తిండి, నీళ్లు, ఇంధనం, ఇంటినుంచి ఉత్తరాలు మోసుకెళ్తుంది. చివరికి కేంద్రంలోని చెత్తంతా కడుపులో నింపుకుని వాతావరణంలో కాలిపోతుంది.

అయితే లోపల మనిషి లేడంటే, దాన్ని నడిపే మనిషి ఇంకెక్కడో ఉన్నాడని అర్థం.

1997 జూన్ 25న మీర్ కేంద్రంలో ఆ మనిషి వసీలీ త్సిబ్లియేవ్. సుమారు ఏడు టన్నుల ప్రోగ్రెస్‌ని దూరం నుంచి మీటలతో, టీవీ తెర చూస్తూ తెచ్చి తగిలించాలి. దూరమూ వేగమూ చెప్పే కుర్స్ రాడారుని ఆ రోజు ఆపేశారు. మార్చిలో చేసిన ఇలాంటి ప్రయత్నంలో తెర మీద బొమ్మ రాలేదు, నౌక గురి తప్పి పక్కనుంచి పోయింది. దానికి రాడారు తరంగాలే కారణమేమోనని అనుమానం. పైగా కుర్స్ తయారయ్యేది ఉక్రెయిన్‌లో. సోవియట్ యూనియన్ పోయాక దానికి డబ్బు కట్టాలి. అది లేకుండా గడుస్తుందేమో చూద్దామనే ఆశ కూడా ఉంది.

తెర మీద మేఘాల నేపథ్యంలో మీర్ సరిగా ఆనలేదు. సహచరులు లాజుత్కిన్, మైకేల్ ఫోల్ కిటికీల్లోంచి వెతికారు. నౌక కనబడేసరికి ఆలస్యమైపోయింది. స్పెక్ట్ర్ గదికి చిల్లు పడి గాలి పోసాగింది. తలుపుకి అడ్డంగా ఉన్న కేబుళ్లు తెంచి, ఆ గదిని మూసేసి, ముగ్గురూ బతికారు.

తర్వాత మాస్కోలో వేళ్లన్నీ ముందు త్సిబ్లియేవ్ వైపే లేచాయి. ఆడలేక మద్దెల ఓడు అంటారు మనవాళ్లు. మరి మద్దెలకి చిల్లు పెట్టి చేతికిచ్చి, ఆడలేదేమని అడిగితే?

ఇక్కడ 'తప్పు వ్యవస్థది' అనేయడం తేలిక. నాకు ఆ మాట మీదా నమ్మకం లేదు. వ్యవస్థది అన్నాక ఎవరిదీ కాదు, ఇంక అడగడానికెవరూ మిగలరు. రాడారు ఆపమన్నది మనుషులే, పేర్లున్నవాళ్లే. మీట పట్టుకున్నదీ మనిషే. అతని తప్పు సున్నా అనలేం. కానీ ఎవరు ఎంత చూడగలిగారు, ఎంతవరకు 'కాదు' అనగలిగారు అన్నదాన్నిబట్టి బాధ్యతని పంచాలి. చూపూ అధికారమూ నేలమీద వాళ్ల దగ్గర ఎక్కువ. పైనున్నవాడికి మిగిలింది మీట ఒక్కటే. మనం మాత్రం ఎప్పుడూ చివరి చేతినే పట్టుకుంటాం, ఎందుకంటే అదే కనబడుతుంది.

ప్రమాదం జరిగిన పన్నెండో రోజున, జులై 7న, మరో ప్రోగ్రెస్ వచ్చి మీర్‌కి తగులుకుంది. మరమ్మతు సామాను తెచ్చింది. అందులోనూ మనుషులు లేరు. ఆ పెట్టెలు సర్దినవాళ్లెవరో మనకి తెలీదు. అంతా సవ్యంగా జరిగింది కాబట్టి ఎవరూ అడగలేదు.