అప్పు మా పేర, ఆస్తి ఊరి పేర

యూరప్‌లో ఉద్యోగాలు చేసి రిటైరైన వాళ్ళకొక సరదా ఉంది. ఇల్లులాంటి బండి ఒకటి కొనుక్కుంటారు. మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ అందులోనే. దాని పేరు కారవాన్. చలికాలం రాగానే అది తోలుకొని స్పెయిన్ వెళ్తారు. కొన్నాళ్ళు సముద్రం ఒడ్డున ఎండ కాగి, తర్వాత దేశం లోపలి పాత ఊళ్ళకు మళ్ళుతారు. టొలెడో, కార్డోబా, గ్రెనడా. ఊరి బయట బండి నిలిపి కోటగోడలు, ఇరుకు సందులు, ఒకనాడు మసీదులైన చర్చిలు చూసుకుంటూ తిరుగుతారు. ఎరుపూ తెలుపూ చారల కమానుల కింద ఫోటోలు దిగుతారు. ఈ కాలువ మూర్లు తవ్వింది, ఈ తోట మూర్లు వేసింది అని గైడు ప్రేమగా చెబుతాడు. మూర్లంటే ముస్లింలే. యాత్రికులు విని, అయ్యో ఎంత గొప్ప నాగరికత అని నిట్టూర్చి, సాయంత్రానికి బండిలోకొచ్చి టీ కాచుకుంటారు.

ఈ యాత్రల గురించి చదివినప్పుడల్లా నన్నొక ప్రశ్న తొలుస్తుంది. కట్టడాలను అంత ప్రేమగా చూపిస్తున్నారు, మరి కట్టినవాళ్ళ పిల్లలేరీ?

1492 జనవరి 2న గ్రెనడా పడిపోయింది. మీ మతం జోలికి రామని రాసిచ్చిన ఒప్పందం పదేళ్ళు కూడా నిలవలేదు. 1502లో కాస్టీల్ రాజ్యంలోని ముస్లింలను బాప్తిస్మమా, దేశం విడవడమా తేల్చుకోమన్నారు. మతం మారినవాళ్ళనైనా నమ్మారా అంటే అదీ లేదు. వాళ్ళకు మొరిస్కోలని వేరే పేరు పెట్టారు. పంది మాంసం తింటున్నారా లేదా, శుక్రవారం స్నానం చేస్తున్నారా అని ఇరుగుపొరుగు చేత కాపలా కాయించారు. 1567లో గ్రెనడాలో అరబ్బీ మాట, వేషం, పేర్లు అన్నీ నిషేధించారు. తిరగబడ్డ వాళ్ళను పట్టుకొని లోపలి ఊళ్ళకు చెదరగొట్టారు. ఇవాళ కారవాన్లు తిరిగేది ఆ లోపలి ఊళ్ళలోనే. చివరికి 1609 నుంచి 1614 దాకా సుమారు మూడు లక్షల మందిని ఓడలెక్కించి తోలేశారు. వాళ్ళలో చాలామందికి అరబ్బీ రాదు. ఇంట్లో మాట్లాడేది స్పానిషే. స్పానిష్ మాటల్నే అరబ్బీ అక్షరాల్లో రాసుకొని మతం కాపాడుకున్నారు. ఇంట్లో తెలుగు తప్ప మరో ముక్క రాని మా దూదేకుల వాళ్ళకు ఈ సంగతి వేరే విడమరిచి చెప్పనక్కర్లేదు.

మనుషులు పోయాక గోడలు అందంగా కనిపించడం మొదలైంది. కార్డోబా మసీదు నడిబొడ్డున కెథెడ్రల్ కట్టారు. 1984 నుంచి అది ప్రపంచ వారసత్వ కట్టడం. టిక్కెట్టు కొని ఎవరైనా చూడొచ్చు. నమాజు మాత్రం చదవకూడదు. చూపుకు టిక్కెట్టు, సజ్దాకు నిషేధం. 1492లోనే వెళ్ళగొట్టిన యూదుల వారసులకు 2015లో స్పెయిన్ చట్టం చేసి పౌరసత్వం ఇస్తామంది, మంచిదే. మొరిస్కోల వారసులకు అలాంటి చట్టం రాలేదు.

అసలు కారవాన్ అనేది ఫారసీ మాట, కార్వాన్. హైదరాబాదులో ఆ పేరుతో పేటే ఉంది. గోల్కొండకు వచ్చిపోయే వ్యాపారుల బిడారులు దిగిన చోటు. అటునుంచి తూర్పుకు బయల్దేరిన ఎడ్లబళ్ళకు చివరి మజిలీ మా బందరు. బందరన్నా ఫారసీలో రేవే. అందుకే ఆ స్పెయిన్ యాత్రను మా కింది డెల్టాలో ఒకసారి చేసి చూద్దాం అనిపించింది. గుడివాడలో బయల్దేరి పామర్రు, కూచిపూడి, ఘంటసాల, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ చూసి, తిరిగి చల్లపల్లి మీదుగా బందరు. అంతా కలిపి ఒక్క రోజు దారి. గైడు ఎక్కడ గొంతు పెంచుతాడు, ఎక్కడ నీళ్ళు నములుతాడు?

గుడివాడలో బౌద్ధ స్థూపం దిబ్బ ఉంది. ఊరివాళ్ళు దానికి పెట్టిన పేరు లంజదిబ్బ. కృష్ణకు అవతలి ఒడ్డున భట్టిప్రోలు స్థూపాన్నీ అలాగే పిలిచారు. భిక్షువులు పోయారు, భిక్షుణులు పోయారు, మిగిలింది ఆ తిట్టు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో భట్టిప్రోలు రాళ్ళు రోడ్లకూ కాలువ పనులకూ పోయాయి. అంటే వెళ్ళిపోయిన వాళ్ళ మీద కూడా వెంటనే ప్రేమ పుట్టదన్నమాట. ముందు తిట్టు, తర్వాత ఇటుకల దొంగతనం, చాలా తర్వాత మ్యూజియం. ఇవాళ ఘంటసాలలో మ్యూజియం ఉంది. రెండో శతాబ్దంలో టోలెమీ రాసిన రేవు ఇదేనని పిల్లలకు గర్వంగా చెబుతారు. మీరెక్కణ్ణుంచి ఊడిపడ్డారని బౌద్ధుల్ని ఎవరూ అడగరు, అడగడానికి మనుషులు లేరు కాబట్టి. అంబేడ్కర్ దారిలో బౌద్ధం తీసుకున్న మాలమాదిగలు పదిమంది వచ్చి ఆ స్థూపం దగ్గర నిలబడి ఇది మాది అంటే అప్పుడు చూడాలి ఊరి మొహం!

కూచిపూడికి వద్దాం. గోల్కొండ ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానాషా 1670ల చివర పరివారంతో, డేరాలతో బందరు చూడ్డానికి వచ్చాడనీ, దారిలో ఇక్కడి భాగవతుల ఆట చూసి మెచ్చి ఈ ఊరిని వాళ్ళకు అగ్రహారంగా ఇచ్చాడనీ కూచిపూడి వాళ్ళే చెప్పుకుంటారు. ఒక సుల్తాను కారవాన్ యాత్ర వల్ల ఒక నాట్యానికి నేల దొరికిందన్నమాట. బాగుంది. అదే తానాషా భద్రాచలం రామదాసును చెరలో పెట్టించాడు. ఈ రెండు కథలూ తెలియని తెలుగువాడు అరుదు.

ఇక లెక్క చూడండి. చెర కథ చెప్పేటప్పుడు తానాషా ముస్లిం. ‘మీవాళ్ళే కదండీ సాయిబుగారూ’ అని నవ్వుతూ మా వైపు చూస్తారు. అగ్రహారం కథ చెప్పేటప్పుడు అతను కళాపోషకుడు, మన తెలుగు సంస్కృతి మెచ్చిన ప్రభువు. అప్పుడు ఎవరూ మా వైపు తిరగరు. అతని ఖాతాలో అప్పులన్నీ మా పేర, ఆస్తులన్నీ ఊరి పేర. ఏ కోమటి దుకాణంలోనూ ఇలాంటి పద్దు చెల్లదు. తండ్రి అప్పు తీర్చమంటే తండ్రి ఇల్లు కూడా ఇవ్వాలి, ఇల్లు ఇవ్వనంటే అప్పూ అడగకూడదు.

పోనీ ఇల్లు ఇస్తామన్నారే అనుకోండి, తీసుకుందామా? ఇక్కడ మాలో మాకే పేచీ. నవాబుల వాసన ఇంకా పోని ఇళ్ళలో గోల్కొండ పేరెత్తగానే ఛాతీ ఉబ్బుతుంది. ఇక్బాల్ 1933లో కార్డోబా మసీదులో నమాజు చదివాడనీ, దాని మీద గొప్ప నజ్మ్ రాశాడనీ చెబుతూ కళ్ళ నీళ్ళు పెట్టుకునే పెద్దలున్నారు. ఖుర్తుబా కోసం ఏడ్చే ఆ కళ్ళు దూదేకుల వాడింటి పెళ్ళిపిలుపు వస్తే మాత్రం తడారిపోతాయి. దూదేకేవాడు, అద్దకం పనివాడు, జట్కా తోలేవాడు, ఇవాళ పంక్చర్లు వేసేవాడు, వీళ్ళ ముత్తాతలకు కుతుబ్‌షాహీ ఖజానా నుంచి ఏం ముట్టింది? బందరు రేవు ఆదాయాన్ని వేలం పాడుకున్న అమీర్లు పిండింది వీళ్ళ దగ్గరే. పైగా తానాషాను దించి 1687లో గోల్కొండ పట్టుకున్నవాడు ఔరంగజేబు. దౌలతాబాదు కోటలో తానాషా ఖైదీగానే చచ్చిపోయాడు. ఒక ముస్లిం రాజు ఇంకో ముస్లిం రాజును చెరబడితే మేము ఏ రాజు వారసులం? ఇద్దరి పాపాలూ మా నెత్తినే వేస్తున్నారు కాబట్టి అడుగుతున్నాను.

రక్తం లెక్కన పోతే నాకు గోల్కొండలో వాటా లేదు, గోల్కొండ తప్పుల్లోనూ లేదు. ఇంతవరకు తేలిక.

బందరులో దిగేసరికి అంత తేలిగ్గా తెగదు. ఊరి పేటల పేర్లే చదవండి. వలందపాలెం అంటే హాలెండువాళ్ళది. ఫ్రెంచిపేట, ఇంగ్లీషుపాలెం, రాబర్ట్‌సన్‌పేట. ఊరి పక్కన సుల్తాన్‌నగరం. డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దం మొదట్లో వచ్చారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో, ఫ్రెంచివాళ్ళు 1669లో. వచ్చినవాళ్ళందరూ గోల్కొండ సుల్తాను అనుమతి పట్టుకొని వ్యాపారం చేసినవాళ్ళే. డచ్చివాళ్ళ సమాధులు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఆ సమాధుల మీద చెక్కిన పువ్వుల్ని చూసి ఎంత పనితనం అంటాం. 1759లో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి ఈ కోట లాక్కొని, దాన్ని మెట్టు చేసుకొని తీరాన్నంతా మింగారు. అయినా ఇంగ్లీషుపాలెం పేరు మార్చాలని ఎవరికీ కడుపుమంట లేదు. వాళ్ళు ఓడలెక్కి పోయారుగా!

పోనివాళ్ళ సంగతి వేరు. 1992 డిసెంబరు 6 తర్వాత ఈ దేశంలో పాత మసీదు కనిపిస్తే దాని కిందేముందని అడగడం అలవాటైపోయింది. 2025 వక్ఫ్ సవరణ చట్టం, తరతరాల వాడకాన్నిబట్టి ఒక చోటును వక్ఫుగా గుర్తించే పద్ధతిని ఇకముందుకు తీసేసింది. కాగితం చూపించాలి. 1864 నవంబరు 1న ఒక్క రాత్రిలో ముప్పై వేల మందిని మింగిన ఉప్పెన ఈ ఊరిది. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలకు పైగా పోయారు, శవాలను గుట్టలుగా వేసి తగలబెట్టారు, ఎవరికి ఏ పద్ధతిలో సాగనంపు జరగాలో చూసే తీరిక ఎవరికీ లేదు. మనుషులకే ఆనవాలు మిగలని నేల మీద దస్తావేజు అడుగుతున్నారు.

దస్తావేజు కూడా ఫారసీయే, చూడండి. రసీదు, జిల్లా, రైతు, వసూలు, ఖర్చు ఇవన్నీ ఆ గాలికి వచ్చినవే. డెల్టాలో ఊడ్పుల ముందు ఏ కమ్మ రైతైనా ఖరీఫ్ అంటాడు, రబీ అంటాడు. అవి అరబ్బీ మాటలు. అతనికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. నోట్లో ఇమిడిపోయిన మాట వెళ్ళిపోయిన మనిషి లాంటిది, దాన్ని ఎవరూ రుజువులు అడగరు.

పెడన వెళ్ళండి. కలంకారీ అంటే కలం పని. ఇక్కడ మాత్రం కలం తక్కువ, చెక్క అచ్చులెక్కువ. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళతో నలుపు, పటికతో అచ్చు వేసి వేర్ల రంగులో ఉడికిస్తే ఎరుపు. ఒకప్పుడు ఈ గుడ్డలు ఇరానుకు ఓడలకొద్దీ పోయేవి, అందుకే అచ్చుల్లో మెహ్రాబు కమానులు, ఇరాను సరుగుడు చెట్ల లాంటి సైప్రస్‌లు దిగాయి. ఆ కమాను కిందే నమాజుకు నిలబడతామని తెలియకుండా దాన్ని అద్దే పద్మశాలి చెయ్యి, ఆ చెయ్యి తెలియకుండా దాన్ని పరుచుకున్న ఇస్ఫహాను ఇల్లు. ఇది ఎవరి వారసత్వం? రక్తం లెక్క ఇక్కడ పనికిరాదు. అద్దినవాడిదే అంటాను నేను. పని చేసినవాడిది, ఆ ఊళ్ళో బతుకుతున్నవాడిది.

ఆ మాట ఒప్పుకుంటే దాని వెనకాలే ఇంకోటి ఒప్పుకోవాలి. ఘంటసాల స్థూపం నాది. కృష్ణదేవరాయలకు కల వచ్చిందని చెప్పే శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు గుడి కూడా నా ఊరిదే, నాదే. అలాగే మొహర్రంలో పీరు ముందు మొక్కుకునే హిందూ గృహిణికి ఆ పీరు మీద నాకున్నంత హక్కు ఉంది. ఇది మా ఛాందసులకూ నచ్చదు, ఎదుటి ఛాందసులకూ నచ్చదు. వాళ్ళ సంగతి పక్కన పెట్టండి, నన్ను భయపెట్టేది వేరే ఉంది. ‘అందరిదీ’ అన్న మరుక్షణం బోర్డు మీద నుంచి మా పేరు చెరిగిపోతుంది. స్పెయిన్‌లో అల్‌హంబ్రా అందరిదీ. అందరిదీ కావడానికి ముందు దాన్ని ఖాళీ చేయించారు.

ఈ మధ్య కొందరం కూర్చొని, బందరు కోట దగ్గర ఊరి కథ చెప్పే బోర్డొకటి రాయించాలనుకున్నాం. మొదటి వాక్యం దగ్గరే తగాదా. ‘ఈ రేవును గోల్కొండ సుల్తానులు పెంచారు’ అన్నాడొకాయన. అయితే మళ్ళీ వాళ్ళ ఖాతాలోకే పోతాం అన్నారు. ‘మేము’ అని రాద్దామన్నాడో కుర్రాడు, దానికి వేరే అర్థాలు తీస్తారని వద్దన్నారు. ఇంగ్లీషులో అయితే ఒక్కటే మాట ఉండి తప్పించుకునేవాళ్ళం, తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. నా ఓటు ‘మనం’కే. కానీ షరతుంది. అదే మాట ఘంటసాల బోర్డు మీదా రాయాలి, శ్రీకాకుళం గుడి బోర్డు మీదా రాయాలి. గడ్డం, టోపీ ఉన్నవాడు నిలబడి దాన్ని చదువుతుంటే పక్కవాడు ఎగాదిగా చూడకూడదు. ఈ షరతుకు ఒప్పుకునే నలుగురి కోసం తిరుగుతున్నాం. పెయింటరుకు ఇంకా కబురు పెట్టలేదు.